ఒక్క మాటలో ఇమడని జీవితాలు
(‘ఒక హిజ్రా ఆత్మకథ’పై ఒక పరిశీలన)

హిజ్రాలను గురించి ఇతరులు వ్రాసిన గ్రంథాలు అనేకం. వారు స్వయంగా తమ జీవితాన్ని చెప్పుకొన్న గ్రంథాలు మన దేశంలో ఇటీవలి కాలానివి. తమిళంలో లివింగ్ స్మైల్ విద్య, మరాఠీలో లక్ష్మీనారాయణ్ త్రిపాఠీ, కళాశాల ప్రిన్సిపాలు పదవిని అధిష్ఠించిన బెంగాల్ అధ్యాపకురాలు మానబీ బందోపాధ్యాయ ఈ కోవకు చెందినవారు. వీరి రచనలతో పాటు తప్పక చదువదగినది ఎ. రేవతి ఆత్మకథ. ఆమె తమిళంలో వ్రాయగా వి. గీత ఆంగ్లంలోకి అనువదించారు. అది 2010లో వెలువడినది. పి. సత్యవతి గారు దానిని ‘ఒక హిజ్రా ఆత్మకథ’ పేరిట తెనిగించి, 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం పొందారు.

రేవతి తమిళనాట నామక్కల్ ప్రాంతపు పల్లెలో మగబిడ్డగా పుట్టినది. ఇంట పెట్టిన పేరు దొరైసామి. అన్నల దెబ్బలు, ఢిల్లీ, ముంబాయి నగరాలకు పయనం, భిక్షాటన, దేహవిక్రయం, పోలీసుల దౌర్జన్యం, పిదప బెంగుళూరులో సేవాసంస్థలో ఉద్యోగం – ఇదీ కథాక్రమం. ఆమె పాఠకుని జాలిని యాచించదు. తనకు ఆశ్రయమిచ్చిన గురువుల ఇండ్లలోని కాఠిన్యాన్ని సైతం దాచలేదు. తన పక్షపు లోపాలను చెప్పగలిగిన సాక్షి మాటకు విలువ ఎక్కువ. ఈ గ్రంథబలం అందులోనే ఉన్నది.

అనువాదకురాలు శీర్షికలో ‘హిజ్రా’ అన్న మాటనే నిలుపుట మెచ్చదగిన నిర్ణయం. తెలుగులో వారికి వాడుకలో ఉన్న మాటలు చాలావరకు తిట్లు. సంస్కృత పదమైన ‘నపుంసకుడు’ మర్యాదగా వినిపించే తిట్టు. జమాత్, గురు, చేలా వంటి వారి మాటలు ఉర్దూ ఎరిగిన మన పాఠకులకు క్రొత్తవి కావు. తమిళ గ్రంథం ఆంగ్లం మీదుగా తెలుగుకు రావలసి వచ్చుట మాత్రం కొరతే. ఇరుగుపొరుగు భాషల నడుమ వరుసల పిలుపులు నేరుగా వచ్చి ఉంటే ఇంకా బాగుండేది.

ఈ గ్రంథం చదువుతూ ఈ వ్యాసకర్త తన తప్పును తానే గుర్తించవలసి వచ్చినది. కొన్నేండ్ల క్రితం వారసత్వ నియమాల చిన్న పుస్తకాన్ని ఉర్దూ నుండి తెనిగిస్తూ ‘ఖున్సా’ అన్న చోటల్లా ‘నపుంసకుడు’ అని వ్రాశాను. అది చదివిన ఒక పెద్దమనిషి, “బిడ్డలు పుట్టనోనికి భూమెందుకు మౌల్వీ సాబ్?” అని అడిగాడు. తప్పు ఆయనది కాదు, నా మాటది.

మన ఫిఖహ్ పండితులు ఇంత అజాగ్రత్తగా లేరు. పుట్టుకతో స్త్రీపురుష చిహ్నాలు రెండూ గలవారు ఖున్సా. ఏ పక్షమో తేలనివారు ఖున్సా ముష్కిల్. వృషణాలు తొలగింపబడినవాడు ఖసీ. నడవడి, స్వరం స్త్రీలను పోలిన పురుషుడు ముఖన్నస్. ఇందులోనూ సహజంగా అట్లున్నవానిపై నింద లేదని, బుద్ధిపూర్వకంగా అనుకరించువానిపైనే నింద కలదని ఇమామ్ నవవీ వివరించారు. ‘హిదాయా’లో ఖున్సాకు ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. నమాజులో వారి స్థానం పురుషుల, స్త్రీల వరుసల నడుమ. ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయంలో, వారిని పురుషునిగా, స్త్రీగా రెండు లెక్కలు కట్టి, తక్కువైన వాటా ఇవ్వాలి. సంతానం కలుగనివారికి వాటా లేదన్న నియమం ఎక్కడా లేదు.

రేవతి ఖున్సా కాదు. పురుష దేహంతో పుట్టి, తాను స్త్రీననే ఎరుకతో పెరిగినది. అటువంటి వారి శస్త్రచికిత్స విషయమై విద్వాంసులలో ఏకాభిప్రాయం లేదు. 2006 దోహా ఆసియా క్రీడలలో రజతం గెలిచి, లింగ పరీక్ష పేరిట దానిని కోల్పోయిన శాంతి సౌందరరాజన్ గాథ వేరు. ఇన్ని భిన్న జీవితాలను ఒకే మాటలో కుక్కితే ధర్మనిర్ణయమూ తప్పుతుంది, సాహిత్యమూ తప్పుతుంది.

ఒక్క మాట చేసే కీడుకు మన గడ్డమీదనే నిదర్శనం కలదు. నిజాం రాజ్యంలో 1329 ఫసలీ (1919) నాటి చట్టం వీరిని ‘నపుంసకత్వం’ ఆధారంగా నిర్వచించి, రిజిస్టరులో పేర్లెక్కించి, స్త్రీవేషంతో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయుటకు వీలు కల్పించినది. తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది 2023లో.

మా వీర్నపల్లి వారు శ్రీరామనవమికి వేములవాడ వెళ్ళి, త్రిశూలాలు పట్టి తలంబ్రాలు పోసుకొనే హిజ్రాలను చూసి వచ్చి వింతగా చెప్పుకొంటారు. మరునాడు దుకాణం ముందు చేయి చాస్తే ఆ మనుష్యులకే తిట్టు ఎదురవుతుంది. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డ పేర్లతో పిలువవద్దని సూరె హుజురాత్ పదకొండవ ఆయతు మనలను వారించుచున్నది. అందులో ఏ వర్గానికీ మినహాయింపు లేదు.

నా పుస్తకం పునర్ముద్రణకు వచ్చినప్పుడు ‘ఖున్సా’ను ఖున్సాగానే ఉంచి, క్రింద అర్థం వ్రాస్తాను. రేవతిని రేవతి అనే పిలుస్తాను. ఈ గ్రంథం మదర్సాలో ఫరాయిజ్ చదివే విద్యార్థి చేతికి కూడా చేరవలెనని నా కోరిక. వాటా లెక్క కట్టునప్పుడు ఆ అంకె వెనుక ఒక మనిషి ఉన్నదన్న సంగతి అతనికి తెలియాలి.