ఆ లూపు ఎన్నిసార్లు తిరుగుతుంది?

మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్ అని కాలేజీలో చెప్పి ఊరుకుంటారు. కోడును ఉరికించే ఉపాయాలు దాని దగ్గర కొల్లలు. ఏది ఎక్కడ గిట్టుబాటవుతుందన్నదే అసలు పేచీ. మా రావికమతం వైపు చెరకు రైతు లెక్క లాంటిదే ఇదీ: గానుగాడించి బెల్లం వండాలా, చక్కెర ఫ్యాక్టరీకి తోలాలా? పంట ఒకటే. బెల్లం ధర, కూలి, బండి కిరాయి చూసుకోకుండా జవాబు చెప్పలేం.

ఒక లూపు తీసుకోండి. చుట్టు చుట్టుకీ ‘అయిపోయిందా?’ అని చూసుకుని వెనక్కి వెళ్లడం దండగ ఖర్చు. అందుకని కంపైలర్ లోపలి పనిని నాలుగుసార్లు వరసగా పరిచి, నాలుగు చుట్లకొకసారి మాత్రమే చూసుకుంటుంది. అన్‌రోలింగ్ అంటాం. చుట్లు పదివేలుంటే లాభమే. మూడే ఉంటే? పరిచిన భాగంలోకి అడుగే పెట్టదు. మిగులు చుట్ల కోసం పక్కన ఉంచిన మామూలు లూపులోనే మూడూ ముగిసిపోతాయి. కోడు ఉత్తపుణ్యానికి లావెక్కింది, పైగా ముందొక తనిఖీ. ఆ మూడో పదివేలో అన్నది చాలాసార్లు కోడులో ఉండదు, వాడేవాళ్ల డేటాలో ఉంటుంది.

కనపడని దాన్ని అంచనా వెయ్యాలి మరి. ఇంకో ఉపాయం చూడండి: ఫంక్షన్‌ను పిలిచినచోటే దాని ఒళ్లంతా దించెయ్యాలా వద్దా అన్నదానికి ఎల్‌ఎల్‌విఎం కంపైలర్ ఖర్చుకు పాయింట్లు కడుతుంది. మామూలుగా 225 దాటితే వద్దంటుంది. 225 ఎందుకు, 230 ఎందుకు కాదు అంటే సిద్ధాంతమేమీ లేదు.

ఇలాంటి అంకెల బదులు యంత్రాన్నే నేర్చుకోనిద్దామని 2021లో గూగుల్ వాళ్లు ఎంఎల్‌జీవో తెచ్చారు. కోడు సైజు 7 శాతం దాకా తగ్గింది. అంతకు ముందే, 2020లో, కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఐఆర్‌టువెక్ చేసింది. ప్రోగ్రామును 300 అంకెల వరసగా మార్చి, ఆ వరసను చూసి మోడల్ తీర్పు చెప్పేలా చేసే పద్ధతి. ఉపాయాల్లో ఏది ముందు, ఏది వెనక అన్న చిక్కు మీద కూడా వాళ్లు పనిచేశారు. అదింకా మొండిది, ఒకటి ముందు పడితే ఇంకొకదానికి పనే లేకుండా పోతుంది.

సైజు విషయంలో ఈ మోడళ్లను నమ్ముతాను. బైట్లు ఎన్నిసార్లు లెక్కపెట్టినా అవే. వేగం దగ్గరే నాకు అనుమానం, ఎందుకంటే మోడల్‌కు నేర్పే కొలతే నిలకడగా ఉండదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ నిడివి మారితే చాలు, కంపైలర్ ఉపాయాలను గట్టిగా వాడే ఓ3 స్థాయి లాభం కాస్తా నష్టంగా తేలొచ్చని మిట్కొవిచ్, దివాన్ తదితరులు 2009లో చూపించారు. మెమరీలో కోడు ఎక్కడ కూర్చుందన్నది కూడా ఫలితాన్ని తిప్పేస్తుంది.

అందుకని నేను పాత దారిలోనే పోతాను. ఒకసారి కంపైల్ చేసి, అసలు డేటాతో నడిపి, ఏ లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్క తీసి, దాన్ని కంపైలర్ చేతికిచ్చి మళ్లీ కంపైల్ చేయిస్తాను. బిల్డుకి రెండింతల సమయం పడుతోందని టీమ్‌లో కుర్రాళ్లు గొణుగుతారు. గొణగనీ.