రాజధాని లేని యుద్ధం

మన్యం పోరాటాన్ని మాడ్రిడ్ రక్షణతో పోల్చాలన్న కోరిక అభ్యుదయ రచయితకు సహజమే. 1936 నవంబరులో స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వం వలెన్సియాకు తరలిపోయింది. జనం మాత్రం నగరాన్ని వదల్లేదు. అది ఫ్రాంకో చేజిక్కింది 1939 మార్చిలో. విమర్శకుడు క్రిస్టఫర్ కాడ్వెల్ 1937 ఫిబ్రవరిలో హరామా దగ్గర ప్రాణాలిచ్చింది ఆ నగరానికి వలెన్సియా రోడ్డు తెగిపోకుండా కాపాడే యుద్ధంలోనే.

అరకు నుంచి రంప దాకా పరచుకున్న ఈ కొండల్లో రోడ్డుకు అర్థం వేరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు గిరిజనుల చేత చాలీచాలని కూలికి చేయించిన వెట్టి. 1882 అటవీ చట్టం పోడుకు అడ్డం వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల్లో తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఆ ఠాణాల్లో తిష్ఠ వేయలేదు, అడవిలోకి వెళ్ళిపోయారు. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల అధికారులు కూలిందీ దారి ఇరుకులోనే. వాళ్ళు కాపాడుకున్నది కొండని, నగరాన్ని కాదు.

ఈ తేడా పట్టించుకోని రచయిత ఏం చేస్తాడు? లేని రాజధాని స్థానంలో నాయకుణ్ణి నిలబెడతాడు. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపగానే, కోట కూలినట్టు కథ ముగిస్తాడు. (1974 నాటి సినిమాకు ఆ ముగింపు చెల్లుతుంది.) కాని గాం గంటందొర జూన్‌లో నేలకొరిగేదాకా లొంగలేదు. జైలుపాలైన మల్లుదొర బతికొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఢిల్లీ దాకా వెళ్ళిన ఆ కొండమనిషి, కొయ్యూరు దగ్గర ఆగిపోయే రచనలో ఎక్కడ ఇముడుతాడు?