భోగి పొద్దున పులగం

భోగినాడు ఇంట్లో ఆడవాళ్లకు తెల్లవారకముందే పని మొదలవుతుంది. చీకటితోనే మంట వెయ్యాలి, వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెట్టాలి, ఇంటిల్లిపాదికీ తలంట్లు కావాలి. నైవేద్యం పెట్టి మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి ఏ రెండో అవుతుంది. అందాకా ఆకలి ఆపేది ఏదో ఒకటి చకచకా అయిపోవాలి, అందులో కొత్త పంట ఉండాలి. ఇలాంటి పొద్దుటికి పులగాన్ని మించిన ఫలహారం లేదు. ఇడ్లీ పిండిలా ముందురోజు నానబెట్టి రుబ్బే పని లేదు. పొయ్యి వెలిగించిన అరగంటకల్లా ఆకులో ఉంటుంది.

త్వరగా అవుతుంది కాబట్టి ఎలా చేసినా ఫరవాలేదనుకుంటే మాత్రం ముద్దయి కూర్చుంటుంది. అసలు మెళకువంతా బియ్యాన్ని గుర్తుపట్టడంలో ఉంది. ఖరీఫ్ వరి కోతలై, మరపట్టించిన కొత్త బియ్యం సంక్రాంతి నాటికి ఇంటికి చేరతాయి. అవి పాత బియ్యంలా నీళ్లు తాగవు. పైగా ఉడికేటప్పుడు గంజి ఎక్కువ వదిలి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఏడాది నిలవున్న బియ్యానికి పోసే ఎసరే వీటికీ పోస్తే గరిటెజారుగా అయిపోతుంది. గ్లాసు బియ్యం, అర గ్లాసు పప్పు కలిపి వండేటప్పుడు పాతవైతే మూడున్నర గ్లాసుల నీళ్లు పడతాయి. కొత్తవైతే మూడుకు కాస్త తక్కువే పోసి, పక్క పొయ్యి మీద వేడినీళ్లు సిద్ధంగా ఉంచుకోవడం మేలు. చాలకపోతే పోసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం కదా!

పప్పు పొట్టు పెసరపప్పే కావాలి. రాయలసీమ ఇళ్లలో పులగమంటే అదే. కంది, శనగలకంటే పెసరపప్పు తొందరగా ఉడుకుతుంది కాబట్టే ఈ వంట ఇంత సులువైంది. కడిగేటప్పుడు చేత్తో రుద్ది పొట్టంతా పారబోసేవాళ్లను చూస్తే నాకు మనసొప్పదు. ఆ పచ్చటి పొట్టులోనే పీచుంది, పులగానికి దాని సొంత వాసన కూడా అక్కడినుంచే వస్తుంది. పైన తేలిన కాస్త పొట్టు పోతే పోనివ్వండి, మిగతాది ఉండాలి. నూరు గ్రాముల పెసరపప్పులో 24 గ్రాముల దాకా మాంసకృత్తులుంటే, బియ్యంలో ఏడే. బియ్యంలో కొరతపడే లైసిన్‌ను పప్పు ఇస్తుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్‌ను బియ్యం ఇస్తుంది. మధ్యాహ్నం దాకా మనిషిని నిలబెట్టేది ఈ జతే.

ఎసరు మరిగాక ముందు పప్పు వెయ్యాలి. నురగ పొంగుతుంది, మూత ఓరగా పెట్టాలి. అయిదారు నిమిషాలకు ఒక బద్దను వేళ్లతో నొక్కి చూస్తే అంచు మెత్తబడి నడుమ గట్టిగా ఉంటుంది. బియ్యం వెయ్యాల్సింది అప్పుడే. ఉప్పు, చిటికెడు పసుపు, ఇష్టమైతే కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర వేసుకోవచ్చు. నీరు ఇంకుతూ మెతుకుల మధ్య చిన్న చిన్న గుంటలు కనబడగానే మంట బాగా తగ్గించి మూత బిగించాలి. మెతుకు నొక్కితే పలుకు తగలకపోతే పొయ్యి ఆర్పేసి పది నిమిషాలు కదపకుండా వదిలెయ్యాలి. ఆ ఆవిరికి ఉమ్మగిల్లితేనే మెతుకు విడివిడిగా, పప్పు మెత్తగా వస్తాయి. కుక్కరైతే నీళ్లు ఇంకొంచెం తగ్గించి, రెండు కూతలకు దించి, ఆవిరి దానంతటది పోయేదాకా ఆగాలి. కుక్కరు వచ్చాక చాలా ఇళ్లలో పులగం, పొంగలి ఒకటే అయిపోయాయి. జారుగా, నేతిలో మునిగి, జీడిపప్పుతో ఉండే కట్టెపొంగలి రుచి వేరు, తిరుమల ప్రసాదంగా దానికున్న గౌరవమూ వేరు. పులగానికి ఆ హంగులేవీ అక్కర్లేదు, వడ్డించాక పైన చెంచాడు నెయ్యి చాలు.

పక్కన శనక్కాయ విత్తనాల చట్నీ లేకపోతే సీమలో పులగం పెట్టినట్టే కాదు. విత్తనాలను సన్నసెగ మీద ఓపిగ్గా వేయించాలి. హడావుడిగా పెద్దమంట మీద వేయిస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. పొట్టు చెరిగి, వేయించిన ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, వెల్లుల్లితో బరకగా నూరాలి. నైవేద్యానికైతే వెల్లుల్లి వద్దు.

పెసరపప్పు, బియ్యం కలిపి వండి నెయ్యి వేసుకుని రోజూ పొద్దున్నే తింటారని 14వ శతాబ్దంలో భారతదేశం చూసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాసుకున్నాడు. ఆయన దాన్ని కిచిడీ అన్నాడు. ఉత్తరప్రదేశ్‌లో చాలాచోట్ల మకర సంక్రాంతి పండుగకే ఖిచిడీ అని పేరు, గోరఖ్‌పూర్ గోరఖ్‌నాథ్ ఆలయంలో ఆ రోజు భక్తులు బియ్యం, పప్పు సమర్పిస్తారు. అరవనాట వెణ్‌పొంగల్ కూడా ఈ కుటుంబమే.

పులగం వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే బిగుసుకుపోతుంది. మిగిలితే వేడినీళ్లు చిలకరించి మూతపెట్టి సన్నసెగ మీద ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. నెయ్యి మాత్రం తినేముందే వేసుకోవాలి.