నోరు తిరగదన్నది ఎవరు?

బహుళజాతి కంపెనీకి కులం లేదు, ఇంగ్లీషొస్తే చాలు, ఎవరైనా ఎక్కొచ్చు - 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ తెరిచిన నాటి నుంచీ ఈ మాట మన హాస్టళ్లలో, వాడల్లో వింటూనే వున్నాం. ఇందులో సగం నిజం. ఆ సగాన్ని మేం వదులుకోం. మిగతా సగం అబద్ధం. దాన్ని మొయ్యం.

ముందు నిజం సంగతి. ఇంగ్లీషు మనకు కావాలి. విదేశీ ఖాతాదారుతో ఫోన్లో మాట్లాడాలన్నా, మెయిల్ రాయాలన్నా, చేసిన పని మీటింగులో చెప్పుకోవాలన్నా అదే భాష. రాత్రంతా పనిచేసినవాడు నోరు మెదపలేకపోతే, పొద్దున లేచి చెప్పినవాడి పేరే పైకి పోతుంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లను ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని జీవోలిచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. న్యాయపరమైన కారణాలు కోర్టువి. కానీ ఆ రోజుల్లో మాతృభాష చచ్చిపోతోందని గగ్గోలు పెట్టిన పెద్దల పిల్లల్లో ఎందరు తెలుగు మీడియంలో చదివారు? వాళ్ల పిల్లలకు కాన్వెంటు, మన పిల్లలకు మాతృభాష అనే నీతిని మేం ఒప్పుకోం.

అసలు మాతృభాష అంటే ఏ తల్లి భాష? పాఠ్యపుస్తకంలో మన అమ్మ మాట లేదు. 'శ'కు 'స' పలికితే, 'ళ'కు 'ల' పలికితే, ఒత్తు జారితే, క్లాసంతా నవ్వేదాకా మళ్లీ మళ్లీ పలికించిన పంతుళ్లు మనకు తెలుసు. మీకు నోరు తిరగదురా అన్నారు. తప్పు మన నాలుకది కాదు. కొలబద్ద వాళ్ల చేతిలో వుంది.

ఇవాళ ఆ కొలబద్దే ఏసీ గదిలో కూచుంది. దాని కొత్త పేరు కమ్యూనికేషన్ స్కిల్స్. ఈ పేరు చాటున రెండు వేరు విషయాల్ని కలిపేస్తున్నారు. ఒకటి, చెప్పదల్చుకున్నది ఎదుటివాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పటం. అది పనికి అవసరం, ఎవరైనా నేర్చుకోవచ్చు. రెండోది కాన్వెంటు యాస, ఇంట్లో మూడు తరాల చదువు ఇచ్చిన ధీమా. అది పుట్టుకతో వచ్చేది. 2007లో సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ ప్రచురించిన పరిశీలనలో పెద్ద కంపెనీల నియామకాధికారులు ప్రతిభే చూస్తామంటూనే కుటుంబ నేపథ్యం అడుగుతామన్నారు. మీ నాన్నేం చేస్తాడంటే, కూలి అని ఎంత చక్కటి ఇంగ్లీషులో చెప్తే ఏం లాభం?

నోరు తెరవకముందే జరిగేదాన్ని అదే ఏడాది సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్వెల్ బయటపెట్టారు. 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. సమానమైన చదువులు, వేరు వేరు పేర్లు. ముందుకు పిలిచే అవకాశాల నిష్పత్తి అగ్రవర్ణ పేరుకు 1 అయితే, దళిత పేరుకు 0.67. కాగితానికి యాస లేదు గదా! పేరుంది.

సముద్రం దాటినా ఇదే గొడవ. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ కోటాలో చేరాడని పై అధికారి తోటివాళ్లకు చెప్పాడన్నది అందులో ఒక ఆరోపణ. కంపెనీ వివక్ష లేదంది. ఇద్దరు అధికారుల మీద కేసును 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకుంది. తీర్పు సంగతి ఎట్లావున్నా, ఐఐటీ చదువూ ఇంగ్లీషూ వున్నవాడి వెంట కూడా కులం ప్రశ్న కాలిఫోర్నియా దాకా పోయిందన్నది మనకు కొత్త కాదు. కొలంబియాలో చదివిన అంబేద్కర్‌ను 1917లో బరోడాలో పార్సీ సత్రం నుంచి గెంటేసినవాళ్లు ఆయన ఇంగ్లీషు వినలేదా?

2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో చంద్రభాన్ ప్రసాద్ ఇంగ్లీషు దేవతకు గుడి తలపెట్టారు. ఆ ఆశ మాకు అర్థమవుతుంది. కానీ దేవతైతే వరం కోసం ఎదురుచూడాలి. మేం హక్కు అడుగుతున్నాం. ఇంగ్లీషు బాగా చెప్పగల టీచరు ప్రతి సర్కారు బడిలో వుండాలి. ఇంటర్వ్యూలో నాన్న పని అడగటం ఆగాలి. ఏ కులంవాళ్లు ఏ మెట్టు మీద ఎందరున్నారో కంపెనీలు లెక్క చెప్పాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ రావాలి. ఇంగ్లీషు మేం నేర్చుకుంటాం. కొలబద్ద మాత్రం వాళ్ల చేతిలోనే వుండటానికి వీల్లేదు.