షట్టరు అంకె చెప్పని సంగతి

ఖరీదైన డిజిటల్ కెమెరాల సమీక్షలలో షట్టరు అంకెకే పెద్దపీట. చెడిన కెమెరా ఎన్ని దినములలో బాగై వచ్చునో అరుదుగా వ్రాయుదురు. 2012లో వచ్చిన నికాన్ డి600 షట్టరును 1,50,000 సార్లు పరీక్షించిరి. చిక్కు వేరొకచోట పుట్టినది: సెన్సారు ముందు ధూళి చేరి, ఫోటోలపై నల్లని మచ్చలు పడెను. అపెర్చరు తగ్గినకొద్దీ కాంతి సన్నని శంకువుగా వచ్చును గనుక రేణువు నీడ స్పష్టమగును. ఎఫ్/16తో నీలాకాశమును తీసి విద్యార్థులు దీనిని పరీక్షింపవచ్చును.

2014లో కంపెనీ, గ్యారంటీ గడువు ముగిసినను, ఉచితముగా శుభ్రపరచి షట్టరు మార్చెదమని ప్రకటించినది. మెచ్చదగినదే. కాని మన ధర్మపురి ఫోటోగ్రాఫరు అట్టి కెమెరాను 200 కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదుకు పంపవలసివచ్చినచో, పెండ్లి ముహూర్తములలో పోయిన పని ఆ ఉచితములో చేరదు.