మొదటి అర చుట్టు

చాలా బైకుల్లో హ్యాండిల్‌ను పట్టి ఉంచే క్లాంపుకు నాలుగు అలెన్ బోల్టులుంటాయి. తలలో ఆరు పలకల గుంట, దాని నోరు ఆకాశం వైపు. వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి, ఎండ కాస్తే దుమ్ము మిగులుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ చుట్టుపక్కల మట్టిదారుల్లో తిరిగే బండికి ఆ గుంట అడుగున ఎర్రమన్ను ఇటుకలా గట్టిపడిపోతుంది. ఈ బోల్టులతోనే మొబైల్ హోల్డర్ బిగిద్దామని కూర్చున్నవాడు అలెన్ కీ పెడితే సగమే దిగుతుంది. అది గమనించకుండా బలమంతా పెట్టి తిప్పుతాడు. మూలలు అరిగి గుంట గుండ్రంగా తయారవుతుంది. ఇక ఏ కీ పట్టదు. అప్పుడు బోల్టు మొండిదని తిడతారు. ఆ మొండితనంలో సగం మన తొందరదేనని నా నమ్మకం.

పట్నంలో బోల్టు తల పోతే పక్కవీధిలో లేతు పనివాడు ఉంటాడు. బాసగూడ నుంచి జిల్లా కేంద్రం బీజాపూర్ దాదాపు 50 కిలోమీటర్లు. ఊరి పక్కనే పారే తాలిపేరు నది మనవైపు, తెలంగాణలోకి దిగి చర్ల మండలంలో ప్రాజెక్టును నింపుతుంది గానీ, నది వచ్చినంత సులువుగా మనిషి రాలేడు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఈ ఊరు ఖాళీ అయింది, చాలామంది అడవి దాటి ఇటువైపు వచ్చేశారు. తిరిగి వెళ్లి ఇళ్లు నిలబెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఆసుపత్రికైనా సంతకైనా బైకే దిక్కు. అలాంటిచోట విరిగిన బోల్టు అంటే ఇంటికి ఉన్న ఒక్క బండీ మూలన పడటమే.

హ్యాండిల్ మీద అదనంగా బిగించే వస్తువు షోకు కోసమే అనుకోకండి. 2021 జనవరి 18న సీఆర్‌పీఎఫ్‌కు డీఆర్‌డీవో అందించిన 'రక్షిత' బైక్ అంబులెన్సులు గుర్తున్నాయా? బీజాపూర్, సుక్మా, దంతెవాడ లాంటి జిల్లాల్లో పెద్ద వాహనం దూరని దారుల కోసమే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద వాటిని తయారుచేశారు. వెనక సీటులో ఉన్న మనిషి పరిస్థితి ఎలా ఉందో నడిపేవాడికి ఎదురుగా ఉన్న తెర మీద కనిపిస్తుంది. ఆ తెర వదులై ఊగిపోతుంటే నడిపేవాడు రోడ్డు చూడాలా, దాన్ని పట్టుకోవాలా?

బిగింపు గట్టిగా ఉండాలంటే ముందు పాత బోల్టు చెడకుండా ఊడాలి. అందుకే పని మొదలుపెట్టాల్సింది కీతో కాదు, సైకిల్ చువ్వతోనో పిన్నీసుతోనో. గుంటలో మన్నంతా గోకి తీయాలి. ఊదాలి, గుడ్డతో తుడవాలి. అడుగున ఇనుము మెరుపు కనిపించేదాకా వదలకూడదు. తర్వాత అరగని కొత్త కీ పెట్టి, వెనక నుంచి సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు వేస్తే అది అడుగుదాకా కూర్చుంటుంది. ఆ దెబ్బల అదురుకు మరల్లో పట్టిన తుప్పు కూడా కాస్త విడుస్తుంది. నూనె వేసి రాత్రంతా వదిలేయడం మంచిదే. అయితే కంపెనీవాళ్లు మరలకు లాక్‌టైట్ లాంటి జిగురు రాసి ఉంటే నూనె పనిచేయదు, వేడి కావాలి. ఎర్రరకం జిగురైతే 250 డిగ్రీల దాకా అడుగుతుంది. పక్కనే పెట్రోల్ ట్యాంకు ఉంది కాబట్టి మంట వద్దు. టంకం వేసే కడ్డీని బోల్టు తల మీద ఆనించి ఉంచితే చాలాసార్లు పని జరుగుతుంది.

ఒక చిత్రం చెప్పాలి. 1910లో అలెన్ బోల్టు తలను తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందిన విలియం అలెన్‌ది అమెరికాలోని హార్ట్‌ఫర్డ్. 1953లో లాక్‌టైట్ జిగురు కనిపెట్టిన రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ పాఠాలు చెప్పిందీ ఆ ఊళ్లోనే.

ఇప్పుడు కీ తిప్పాలి, ముందు బిగించే వైపు, వెంట్రుకవాసి. టక్కున చిన్న చప్పుడు వస్తుంది. తుప్పు పట్టు విడిచిందన్నమాట. ఆ తర్వాత వదులు చేసే వైపు. కీ పొడుగు కొసను పట్టుకుని, ఒక్క ఊపున లాగకుండా, ఒత్తిడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మొదటి అర చుట్టు తిరిగిందా, మిగతాదంతా వేళ్లతో అయిపోయే పనే. నాలుగూ ఒకేసారి ఊడదీస్తే హ్యాండిల్ ట్యాంకు మీద పడుతుంది. ఒక్కొక్కటే మార్చుకోవాలి.

హోల్డర్‌తో వచ్చే బోల్టులు పాతవాటికంటే పొడుగు. ఇక్కడ ప్రాణం మీదికొచ్చే చిక్కు ఒకటుంది. బోల్టు మరీ పొడుగైతే రంధ్రం అడుగు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, క్లాంపు మాత్రం హ్యాండిల్‌ను పట్టదు. పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి, హోల్డర్ మందం ఎంతో అంతే తేడా ఉందో లేదో చూడండి. మొదటి నాలుగైదు మరలు వేళ్లతోనే ఎక్కించండి. ఫోను పెట్టే చోట అదురు మింగే రబ్బరు ఉన్న హోల్డరే కొనండి. ఎక్కువ శక్తి గల బైకు ఇంజిన్ల అదురు ఫోను కెమెరాను పాడుచేయవచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది.

బిగించాక ముందుచక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను గట్టిగా పైకీ కిందికీ తోసి చూడండి. కదిలితే బండి ఎక్కకండి. బీజాపూర్ చేరి టీకి ఆగినప్పుడు నాలుగింటికీ మరోసారి కీ వేసి చూసుకోండి.