బాడుగ మ్యాక్

చౌడేపల్లెలో కూర్చుని విండోస్ ల్యాప్‌టాప్ మీద ఐఫోన్ యాప్ చేస్తున్నానంటే బెంగళూరు మిత్రులు అడిగేది ఒకటే: "మ్యాక్ ఎక్కడిదిరా?" నాకు మ్యాక్ లేదు. కొనే ఉద్దేశమూ ఇప్పట్లో లేదు.

వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది. ఐఫోన్ యాప్‌కు తుదిరూపం ఇచ్చే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప నడవదు. మామూలు పీసీలో మ్యాక్ సిస్టమ్ ఎక్కించుకునేవాళ్లున్నా, ఆపిల్ లైసెన్సు దానికి ఒప్పుకోదు. ఆండ్రాయిడ్‌కు ఈ పట్టింపు లేదు. ఏ కంప్యూటర్ అయినా సరే, ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి.

అయితే పొలం ఉన్న ప్రతి రైతూ ట్రాక్టర్ కొనడు. గంటల లెక్కన బాడుగకు పిలిచి దున్నించుకుంటాడు. నా పద్ధతీ అదే. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ చేసుకోగల ఫ్లట్టర్‌లో కోడ్ రాసి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూసుకుంటూ పోతాను. పనిలో చాలా భాగం అక్కడే తేలిపోతుంది. ఆ కోడ్‌ను కోడ్‌మ్యాజిక్ లాంటి సర్వీసు ఎక్కడో ఉన్న తన మ్యాక్‌లో బిల్డ్ చేసి, విడుదలకు ముందు ఐఫోన్‌లో పరీక్షించుకునే ఆపిల్ టెస్ట్‌ఫ్లైట్‌కు పంపుతుంది. బాడుగ లెక్క నిమిషాల్లోనే.

చిక్కంతా ఆ తర్వాత. మదనపల్లె మండీకి పోయే టమోటా బాక్సులను ఫొటో తీసి లెక్క రాసుకునే యాప్ అనుకోండి. ఆండ్రాయిడ్‌లో చక్కగా పనిచేస్తుంది. ఐఫోన్‌లో కెమెరా బటన్ నొక్కగానే యాప్ టక్కున మూసుకుపోతుంది. ఇన్ఫో డాట్ పీలిస్ట్ అనే ఫైల్లో, కెమెరా ఎందుకు కావాలో చెప్పే వాక్యం లేకపోవడమే కారణం. "బాక్సుల ఫొటో తీయడానికి" అని రాస్తే సరిపోతుంది. మ్యాక్ ఉన్నవాడికి తప్పేమిటో తెర మీదే కనిపిస్తుంది, అక్కడికక్కడే దిద్దుకుంటాడు. మనం దిద్ది, మళ్లీ బిల్డ్ పెట్టి, అది ఫోన్‌కు వచ్చేదాకా కాచుకోవాలి. అందుకే బిల్డ్ బటన్ నొక్కే ముందు ఆ ఫైల్ మొత్తం చదవడం నాకు అలవాటైంది. మ్యాక్ లేకపోయినా పని జరుగుతుంది గానీ, పరీక్షించి చూడడానికి ఐఫోన్ చేతిలో లేకపోతే జరగదు. కనీసం స్నేహితుడిదైనా ఉండాలి.

చవకగా వస్తోందని పాత మ్యాక్ కొనేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. యాప్ స్టోర్‌కు పంపే యాప్‌ను ఎక్స్‌కోడ్ 16తోగానీ, ఆ తర్వాతి దానితోగానీ తయారు చేయాల్సిందేనని 2025 ఏప్రిల్‌లోనే ఆపిల్ నియమం పెట్టింది. 2017 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఆ ఎక్స్‌కోడ్ ఎక్కదు. అలాంటి మ్యాక్ మీద పెట్టిన డబ్బు వృథా.

పుంగనూరు, కుప్పం వైపు యాప్‌లు నేర్చుకుంటున్న పిల్లలకు చెప్పేది ఇంతే. ముందు ఆండ్రాయిడ్‌లో విడుదల చేయండి. ఐఫోన్ వాళ్లు మాకూ కావాలని అడిగిననాడు ఆ 99 డాలర్లు కట్టండి. మ్యాక్ మాత్రం యాప్ సంపాదించిన డబ్బుతోనే కొనండి. అప్పు చేసి కొనకండి.